బతికున్న చేపల ట్యాంకుల్లో ముందు చూడాల్సింది మందు కాదు, మోటారు

సంపాదకులకు,

మృగశిర కార్తె దగ్గరపడుతోంది. కైకలూరు, కొల్లేరు వైపు నుంచి విజయవాడ, గుంటూరు మార్కెట్లకు బతికున్న చేపలను తెచ్చే బండ్లు ఈ రోజుల్లో బాగా పెరుగుతాయి. ఎండ ఇంకా తగ్గని రోజుల్లోనే గిరాకీ అంతా. బండి ఆగేసరికి ట్యాంకులో చేపలు వెల్లకిలా తేలితే రేటు అక్కడికక్కడే పడిపోతుంది. చెరువులోనే జబ్బు ఉందని కొట్టువాళ్లు రైతును అంటారు. రైతు డ్రైవర్ని అంటాడు. తర్వాత ఎవరో చెప్పిన మందు ఏదో తెచ్చి నీళ్లలో కలుపుతారు. ఈ ట్యాంకులు, మోటార్లు బాగుచేసే పనిలో ఉన్నవాళ్లుగా మేం చెప్పేది ఒకటే. చాలాసార్లు లోపం చేపలో ఉండదు. నీళ్లలో ఉంటుంది, ఆ నీళ్లను తిప్పి గాలి కలిపే మోటారులో ఉంటుంది.

నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ నిలవదు. గాలి బాగా కలిసిన నీళ్లలో 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.2 మిల్లీగ్రాముల దాకా ఉండే ఆక్సిజన్ 30 డిగ్రీలకు 7.5కు, 35 డిగ్రీలకు 7కు దిగుతుంది. అదే వేడికి చేప పీల్చుకునేది మాత్రం పెరుగుతుంది. బొచ్చె, శీలావతి లాంటి చేపలకు 5 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూసుకోవాలి. డిసెంబరులో సరిపోయిన మోటారు, అంతే చేపకు మే నెలలో చాలకపోవడానికి కారణం ఇదే.

చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే మొదట చూడాల్సింది పంపు నుంచి నీళ్లు ఏ మాత్రం పడుతున్నాయో. దీనికి మీటరు అక్కర్లేదు, 15 లీటర్ల బకెట్టు చాలు. బండ్లలో ఎక్కువగా వాడే చిన్న 12 వోల్టుల పంపు మీద గంటకు 500 గ్యాలన్లు అని ఉంటుంది. అంటే నిమిషానికి దాదాపు 31 లీటర్లు. అడ్డూ ఎత్తూ లేకపోతే బకెట్టు అరనిమిషంలో నిండాలి. పైపు ఎత్తు, వంపుల వల్ల 45 సెకన్లు పట్టినా ఫర్వాలేదు. నిమిషం దాటితే లోపం వెతకాల్సిందే.

మోటారు తిరుగుతున్న చప్పుడు ఉంది, చుక్క నీరు రావడం లేదంటే గాలి పట్టిందన్నమాట. ఈ రకం పంపు గాలిని లాగలేదు, దాని లోపల నీళ్లు నిండి ఉంటేనే నెడుతుంది. ట్యాంకు ఖాళీ చేసి మళ్లీ నింపినప్పుడు ఈ ఇబ్బంది తరచూ వస్తుంది. పంపు దగ్గర పైపు క్లిప్పు వదులు చేసి, బుడగలు పోయి నీళ్లు కారేదాకా ఆగి, మళ్లీ బిగిస్తే సరిపోతుంది. అది మాటిమాటికీ వస్తుంటే పైపు దారి చూడాలి. పంపు నుంచి పైపు ఎక్కుతూనే పోవాలి. మధ్యలో ఎక్కి దిగి మళ్లీ ఎక్కితే ఆ మూపు దగ్గర గాలి చేరి కూర్చుంటుంది. నీళ్లు దగ్గినట్టు ఆగి ఆగి పడుతుంటే అది వేరే సంగతి. పీల్చే వైపు జాయింటు ఎక్కడో గాలి లాగుతోంది, లేదా బండి బ్రేకు వేసినప్పుడల్లా నీళ్లు ఒక పక్కకు ఊగి పంపు నోరు బయటపడుతోంది. జాయింటుకు టేపు చుట్టి క్లిప్పు మార్చాలి. ఊగే నీళ్లకు మాత్రం ట్యాంకు మధ్యలో చిల్లుల అడ్డపలక వేయడం తప్ప దారి లేదు.

నీళ్లు వస్తున్నా సగమే వస్తుంటే ముందు జల్లెడ కడగాలి. పొలుసులు, జిగురు, కాలువ నీళ్లతో వచ్చిన గుర్రపుడెక్క వేళ్లు అక్కడే పేరుకుంటాయి. జల్లెడ బాగుంటే లోపలి ఫ్యాను విప్పి చూడాలి. వల దారం చుట్టుకోవడం చాలా మామూలు. అదీ బాగుంటే వైర్లు తారుమారయ్యాయేమో చూడాలి. చాలామంది దీన్ని పట్టుకోలేరు. ప్లస్, మైనస్ మారిస్తే చాలా డీసీ పంపులు ఆగిపోవు, వెనక్కి తిరుగుతాయి. చప్పుడు మామూలుగానే ఉంటుంది, నీళ్లు మాత్రం నీరసంగా పడతాయి. మంచి పంపును పారేసి కొత్తది కొనేది ఇలాంటప్పుడే.

ఆ తర్వాత కరెంటు. పంపు నడుస్తుండగానే బ్యాటరీ దగ్గర ఒకసారి, పంపు వైర్ల దగ్గర ఒకసారి మల్టీమీటరు పెట్టండి. బ్యాటరీ దగ్గర 12.4 ఉండి పంపు దగ్గర 10.5 చూపిస్తే ఆ రెండు వోల్టులు దారిలోనే పోతున్నాయి. సన్నటి వైరు, మెలితిప్పి టేపు చుట్టిన అతుకులు, పచ్చగా చిలుము పట్టిన కొసలు ఇందుకు కారణం. తడి తగిలే చోట అతుకు పెట్టకూడదు. తప్పకపోతే టంకం వేసి, వేడికి ముడుచుకునే స్లీవు తొడగాలి. ఫ్యూజు పోయిందని రాగి తీగ చుట్టే అలవాటు మానుకోవాలి. ఫ్యాను ఇరుక్కుపోయినప్పుడు కాలాల్సింది ఫ్యూజు. అది లేకపోతే కాలేది మోటారు, ఒక్కోసారి బండి వైరింగు.

బయటికి పోయే దారిని ఎవరూ పట్టించుకోరు. కొట్లలో ముప్పావు అంగుళం పైపుతో కొత్త నీళ్లు వదులుతూ, పోవడానికీ ముప్పావు అంగుళమే పెడతారు. రెండు పొలుసులు అడ్డం పడితే నీళ్లు గట్టు దాటి పొర్లుతాయి, వాటితో చేపలూ. పోయే పైపు అంగుళన్నరకు తగ్గకూడదు. దాని నోటికి చదును జాలీ కాకుండా చిల్లుల గొట్టం తొడిగితే అంత తొందరగా మూసుకోదు. రాత్రికి రాత్రి నీళ్లు తగ్గిపోతుంటే ట్యాంకు పగిలిందని సిమెంటు పూయకముందు అడుగు వాల్వు చూడండి. అందులో పొలుసు ఇరుక్కుంటే వాల్వు పూర్తిగా మూసుకోదు.

ఇక నీళ్లు. కుళాయి నీళ్లు తాగడానికి మంచివే, చేపకు మాత్రం అందులోని క్లోరిన్ మొప్పలను కాలుస్తుంది. తాగునీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. అందులో సగం కూడా చేపకు ఎక్కువే. ఒక రోజంతా గాలి కొడుతూ నిలవబెడితే అది పోతుంది. అంత టైము లేకపోతే హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, వెయ్యి లీటర్లకు 5 గ్రాములు కరిగించి పోయాలి. లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్‌కు 3.5 గ్రాములు చాలు, మిగతాది జాగ్రత్తకు. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు. కానీ భూమిలోంచి వచ్చేటప్పుడు ఆక్సిజన్ కూడా దాదాపు ఉండదు. వాటినీ రాత్రంతా గాలి కొట్టాకే వాడాలి.

నురగ తేలితే చేప కడుపు ఖాళీ చేయకుండా ఎక్కించారని అర్థం. పట్టే ముందు రోజే మేత ఆపాలి. దారిలో మలంతో, మొప్పలతో విడిచిన అమ్మోనియా నీళ్లలో చేరుతుంది. మూత బిగించిన ట్యాంకులో కార్బన్ డయాక్సైడ్ కూడా పేరుకుని పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) తగ్గి ఉంటుంది కాబట్టి అప్పటికి అమ్మోనియా విషం తెలియదు. దిగాక ఒక్కసారిగా కొత్త నీళ్లు దిమ్మరిస్తే పీహెచ్ పెరిగి అమ్మోనియా విషమవుతుంది. దారంతా బాగున్న చేప కొట్టులో దించాక గంటలో పోవడానికి ఒక కారణం ఇదే. మూడోవంతు చొప్పున, పావుగంట తేడాతో మార్చండి. వెయ్యి లీటర్లకు మూడు కిలోల కల్లుప్పు వేస్తే చేప తట్టుకుంటుంది. నీళ్లు చల్లబరచాలంటే ఐసు నేరుగా వేయకుండా, కవర్లలో మూటకట్టి వేయండి. 500 లీటర్లను 32 నుంచి 29 డిగ్రీలకు దించడానికి 14 కిలోలు సరిపోతుంది. అంతకు మించి ఒకేసారి దించొద్దు.

కొర్రమీను దారి వేరు. అది నీటిపైకి వచ్చి గాలి పీల్చుకునే చేప. మూత దాకా నీళ్లు నింపితే నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్ ఎంత ఉన్నా ఊపిరాడక చస్తుంది. నీళ్లు తక్కువ పోసి, పైన జానెడు ఖాళీ వదిలి, ఎగిరిపోకుండా వల కట్టాలి. మృగశిర రోజు నష్టపోయేవాళ్లలో ఈ ఒక్కటి తెలియనివాళ్లే ఎక్కువ.

ఆక్సిజన్ సిలిండరు వాడేవారికి ఒక మాట. 7 ఘనమీటర్ల సిలిండరును నిమిషానికి 5 లీటర్ల చొప్పున వదిలితే 23 గంటలు వస్తుంది. రెగ్యులేటరు బిగుసుకుందని నూనె, గ్రీజు రాయొద్దు, ఆక్సిజన్ తగిలితే అంటుకుంటుంది.

నగరపాలక సంస్థలను, మత్స్యశాఖను కోరేది పెద్ద ఖర్చు పని కాదు. చేపల మార్కెట్లలో కుళాయి నీళ్లను ఒక రోజు నిలవబెట్టి గాలి కొట్టే ఉమ్మడి ట్యాంకు ఒకటి, బండి ఆగే చోట ఏరేటరుకు కరెంటు పాయింటు, ఆక్సిజన్ కొలిచే మీటరు ఒకటి పెట్టాలి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు దారిలో మార్చుకోవడానికి మంచి నీళ్లు దొరకవు. అందుకని ఆ ట్యాంకు కాలువలు కట్టేసే లోపే సిద్ధం కావాలి.

— చేపల ట్యాంకులు, పంపుల మెకానిక్కులు, విజయవాడ