ఖాళీ కొండల్లో నన్ను ఆదుకున్నవాళ్లకు

స్పెయిన్ కొండల్లో నా సైకిల్ విరిగి ఎక్కడో ఇరుక్కుపోయానని తెలిసి చాలామంది ఫోన్లు చేశారు, మెసేజీలు పెట్టారు. వాలెన్సియాలో ఇంటికి చేరాను, ఒంటికి ఏమీ కాలేదు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కంటే ఇలా ఒకేసారి రాస్తే నయమనిపించింది. చిక్కేమిటంటే, నేను థాంక్స్ చెప్పాల్సినవాళ్లలో చాలామందికి తెలుగు రాదు. ఒకాయన దగ్గరైతే స్మార్ట్‌ఫోనే లేదు. అయినా రాస్తున్నాను.

నేను వెళ్లింది తెరువెల్ వైపు. అక్కడివాళ్లు అలాగే పలుకుతారు. పేరులోనే తెరువు ఉందని ముందు మురిసిపోయాను, తర్వాత ఆ తెరువే నా తాట తీసింది, అది వేరే సంగతి. ఆ ప్రాంతంలో ‘మొంతాన్యాస్ బాసియాస్’ అని దాదాపు 700 కిలోమీటర్ల సైకిల్ దారి ఉంది. ఆ మాటకు అర్థం ఖాళీ కొండలు. ఎర్నెస్తో పాస్తోర్ అనే ఆయన అడవి బాటలు, కంకర రోడ్లు ఒకదానికొకటి అతికించి జీపీఎస్ ట్రాక్ తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. మొదటి థాంక్స్ ఆయనకే. ఆ కొండల్లో చదరపు కిలోమీటరుకు ఎనిమిది మంది కూడా ఉండరు, అందుకే యూరప్ ఉత్తర కొసన జనం పలచగా ఉండే లాప్‌లాండ్ పేరు మీద దీన్ని దక్షిణ లాప్‌లాండ్ అని పిలుస్తారు. మాది అనంతపురం. కరువు సీమ అని పేరుపడిన మా ఉమ్మడి జిల్లాలోనే 2011 లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 213 మంది. ఎనిమిది మంది అంటే ఎలా ఉంటుందో వెళ్లి చూస్తే తప్ప తెలియదు. ఒక మధ్యాహ్నం మూడు గంటల పాటు నాకు కనిపించిన ప్రాణులు రెండు గద్దలు, ఒక నక్క.

సముద్రం దగ్గర్నుంచి పైకి ఎక్కడానికి ఓహోస్ నేగ్రోస్ పాత రైలు దారి పట్టుకున్నాను. ఇనుప ఖనిజాన్ని గనుల నుంచి సగుంతో రేవుకు దించడానికి 1907లో మొదలైన లైను అది, 1972లో మూతపడింది. పట్టాలు పీకేసిన చోట ఇప్పుడు సైకిళ్లు తిరుగుతున్నాయి, దాదాపు 160 కిలోమీటర్లు. రైలు కోసం వేసిన దారి కదా, ఎక్కడా గట్టి ఎత్తు ఉండదు. సొరంగాలు, వంతెనలు దాటుకుంటూ మాట్లాడుకుంటూ ఎక్కేయొచ్చు. కంకర దారుల్లో తొక్కే గ్రావెల్ సైకిల్ కొత్తగా కొన్నవాళ్లు అడిగితే నేను ఈ దారే చెబుతాను. ఆపైన అల్బర్రసీన్ దగ్గర ఎర్ర రాళ్లు, పైన్ చెట్లు. ఒరివేలా దెల్ త్రెమెదాల్ దగ్గరైతే కొండవాలు మీదుగా నీళ్లకు బదులు బండరాళ్లు పారుతున్నట్టుంటుంది. వాటిని రాతి నదులనే అంటారు.

ఒకచోట నీళ్ల కోసం ఆగి చూస్తే వెనక టైరుకు నాలుగు ముళ్లు. చిల్లులు పూడ్చడానికి టైరు లోపల పోసే తెల్లటి సీలెంట్ ద్రవం బుడగలు బుడగలుగా పైకి వస్తోంది. ఒక ముల్లు పీకి చేతిలోకి తీసుకుని చూస్తే అచ్చం మన పల్లేరు! చిన్నప్పుడు చేల గట్ల మీద చెప్పుల్లేకుండా తిరిగి ఏడ్చిన ఆ పల్లేరు కాయే. ఏడెనిమిది వేల కిలోమీటర్ల అవతల నా టైరు కోసం కాచుక్కూర్చుంది. స్పానిష్‌లో ‘అబ్రోహో’ అంటారు. మొక్క ఒకటే, పేరే వేరు.

అసలు దెబ్బ ఆదివారం సాయంత్రం తగిలింది. ఒక అడవి బాటలో కొమ్మ ఒకటి చువ్వల్లోకి దూరి గేరు హ్యాంగర్‌ను పుటుక్కున విరిచేసింది. తెలియనివాళ్లకు చెబుతాను: వెనక గేరును ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క అది, బొటనవేలంత ఉంటుంది. ఫ్రేము పాడవకుండా తాను విరగడమే దాని పని. ఒక్కో సైకిల్‌కు ఒక్కో ఆకారం, ఒకదానిది ఇంకోదానికి పట్టదు. స్పేర్ ఒకటి సంచిలో పడేసుకోవాలని ఎవరైనా చెబుతారు. నాకూ చెప్పారు. నేనే పెడచెవిన పెట్టాను. ఫోనులో సిగ్నల్ లేదు, చలి మొదలవుతోంది. కాలమోచా, తెరువెల్, మోలినా దె అరగోన్‌లను కలిపి చలి త్రికోణం అంటారు, అందులో ఉన్నాను నేను. 1963 డిసెంబరులో కాలమోచాలో మైనస్ 30 డిగ్రీలు పడిందని ముందురోజే చదివి నవ్వుకున్నాను. ఆ సాయంత్రం నవ్వు రాలేదు.

సైకిల్ నెట్టుకుంటూ గంటన్నర నడిచాక కట్టెలు వేసుకుని ఒక పాత జీపు వచ్చింది. నడుపుతున్న పెద్దాయనకు ఎనభై ఏళ్లుంటాయి. ఏమైందని కూడా అడగలేదు. దిగి, కట్టెలు సర్ది, సైకిల్‌ను పైకెత్తి తాడుతో కట్టేశారు. వాళ్ల షెడ్డులో ఒక ఇనుప దిమ్మ మీద చెయిన్ పెట్టి, మేకు ఆనించి, సుత్తితో రెండే దెబ్బలు. పిన్ను బయటికొచ్చింది. చెయిన్ పొట్టి చేసి, గేరు తీసేసి, వెనక ఒకే పళ్ల చక్రం మీద నడిచేలా చేశారు. ఊరి చివరిదాకా వెళ్లానో లేదో చెయిన్ పక్క పళ్ల చక్రం మీదికి ఎక్కి బిగుసుకుపోయింది. మళ్లీ తిరిగొస్తే ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నారు, ఇలా అవుతుందని ముందే తెలిసినట్టు. “మొమెంతికో, మాన్యో” అన్నారు. ఒక్క నిమిషం ఆగరా అబ్బాయ్ అన్నట్టు. అక్కడ ప్రతి మాటకూ చివర ‘ఇకో’ తగిలిస్తారు, వినడానికి భలే ముద్దుగా ఉంటుంది.

ఆయనే నన్ను ఊళ్లో ఉన్న ఒకే ఒక బార్‌కు తీసుకెళ్లారు. అదే కొట్టు, అదే కబుర్ల చావడి, పైన రెండు గదులు. ఆ ఊరి పేరు రాయను, వాళ్లను అడగలేదు కాబట్టి. బార్ నడిపే ఆవిడ వెల్లుల్లి సూపు తెచ్చి పెట్టింది. ఎండు రొట్టె ముక్కలు, ఎర్ర మిరప పొడి, పైన కొట్టి వేసిన గుడ్డు. జలుబు చేసినప్పుడు అమ్మ పెట్టే వెల్లుల్లి చారు గుర్తొచ్చి రెండో గిన్నె కూడా అడిగాను.

ఏ దేశం, ఏ ఊరు అని అడిగితే అనంతపురం అన్నాను. మామూలుగా ఎవరికీ తెలియదు కాబట్టి బెంగళూరు దగ్గర అని కలిపేలోపే ఆవిడ “బిసెంతె ఫెర్రెర్!” అని అరిచినంత పని చేసింది. 1969లో మా జిల్లాకు వచ్చి ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవా సంస్థ పెట్టిన స్పెయిన్ ఆయన, మేం ఫాదర్ ఫెర్రర్ అనేది ఆయన్నే. మా నాయనమ్మ చెరువు పూడిక పనికి వెళ్లింది వాళ్ల పథకంలోనే. ఈవిడ పదేళ్లకు పైగా ఒక అనంతపురం పిల్ల చదువుకు నెలనెలా డబ్బు కడుతోంది. లోపలికెళ్లి బిస్కెట్ల డబ్బా తెచ్చింది. అందులో ఆ పిల్ల ఉత్తరాలు, ఒక్కోదానికి స్పానిష్ అనువాదం జతచేసి ఉంది. అనువాదాలు ఆవిడకు కంఠతా వచ్చు. తెలుగు మాత్రం ఎలా ఉంటుందో ఎప్పుడూ వినలేదట.

చదివాను. మొదటిది పెన్సిల్‌తో గీసిన గుండ్రటి అక్షరాలు. “మేము అందరం బాగున్నాము. మీరు బాగున్నారా? మా మేక రెండు పిల్లలను పెట్టినది.” ఆవిడ చెంపకు చెయ్యి ఆనించుకుని వింది. మేక మాట దగ్గర నా చేతిలో కాగితం మీద వేలు పెట్టి, “ఇదేనా కాబ్రా?” అని అడిగింది. అదే అన్నాను. మే-క, అని రెండు సార్లు అనుకుంది. పదకొండు ఉత్తరాలు చదివేసరికి రాత్రి పన్నెండు. గదికి డబ్బు తీసుకోనంది. గొడవపడి ఒక రోజుది మాత్రం ఇవ్వగలిగాను.

హ్యాంగర్ సంగతి. సరగోసాలో చదువుతున్న గుంటూరు తమ్ముడు ఒకడున్నాడు, నేను ముఖం కూడా చూడలేదు. తెలుగువాళ్ల గ్రూపులో నేను పెట్టిన ఫొటో చూసి సోమవారం క్లాసు ఎగ్గొట్టి మూడు షాపులు తిరిగాడు. విరిగిన ముక్క ఫొటోను పక్కన పెట్టి బోల్టు రంధ్రాలు లెక్కపెట్టించి మరీ కొన్నాడు. తమ్ముడూ, నీ డబ్బు పంపించాను, చూసుకో. ఆ ముక్కను బార్ ఆవిడ మేనకోడలికి ఇచ్చాడు, ఆ అమ్మాయి ఇంటికి వస్తూ రొట్టెల బండి అతనికి ఇచ్చింది. రొట్టెల కొట్లు లేని ఆ ఊళ్లకు పొద్దున్నే వ్యాను వస్తుంది, హారన్ కొడితే ముసలివాళ్లు సంచులతో బయటికొస్తారు. బుధవారం హారన్ మోగినప్పుడు వాళ్లందరికంటే ముందు నేనున్నాను. కాగితంలో చుట్టిన వెచ్చటి రొట్టె, దాని పక్కన నా హ్యాంగర్. రొట్టెకే డబ్బు తీసుకున్నాడు. ఇంకేమీ వద్దు, దీన్ని మీ భాషలో ఏమంటారో చెప్పమన్నాడు. చెప్పాను.

పదకొండింటికి బయలుదేరాను. గేర్లు చక్కగా పడుతున్నాయి. పక్క ఊరి ఎత్తు ఎక్కుతుంటే వెనకనుంచి అదే వ్యాను వచ్చి, నన్ను దాటుతూ మూడు సార్లు హారన్ కొట్టింది. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి అరిచాడు: “రొట్టికో!”