సామాజిక న్యాయంపై ప్రాజెక్టు: ఎవరి గురించి రాశారో వారికి చదివి వినిపించాలి

సంపాదకుల వారికి నమస్కారం.

డిగ్రీ చివరి సెమిస్టరు ప్రాజెక్టు నివేదికల గడువు దగ్గర పడిన ప్రతిసారీ మా కళాశాల ఎదుటి జిరాక్స్ దుకాణాల్లో రాత్రి పొద్దుపోయేదాకా లైట్లు వెలుగుతూనే ఉంటాయి. హైదరాబాద్‌లో రాజనీతిశాస్త్రం బోధిస్తున్న నా దగ్గరకు వచ్చే నివేదికల్లో చాలావరకు సామాజిక న్యాయం మీదనే ఉంటాయి. కుల వివక్ష, పారిశుద్ధ్య కార్మికుల స్థితి, ఇళ్లలో పనిచేసే మహిళల వేతనాలు, రిజర్వేషన్లు, ఆదివాసుల భూములు అనే శీర్షికలు చూసినప్పుడల్లా, పిల్లలు తమ బతుకుకు దగ్గరైన విషయాన్నే ఎంచుకున్నారని సంతోషం కలుగుతుంది. అయితే లోపలి పేజీలు తిప్పేకొద్దీ ఆ సంతోషం నిలవదు.

రాజ్యాంగ ప్రవేశికతో మొదలై, 14 నుంచి 17 వరకు అధికరణలు, తర్వాత కొందరు మహనీయుల జీవిత సంగ్రహాలు, రెండు మూడు రంగుల పట్టికలు, చివరన సమాజం మారాలన్న ఆకాంక్ష. ఈ నివేదికను ఏ నగరంలోని విద్యార్థి అయినా, ఒక్క మనిషితోనూ మాట్లాడకుండా, ఒక్క వీధిలోనూ అడుగు పెట్టకుండా సమర్పించవచ్చు. కొన్ని నివేదికలు పెన్‌డ్రైవ్‌లో సిద్ధంగా ఉండి, అట్టమీద పేరూ హాల్ టికెట్ నంబరూ మారి మా ముందుకు వస్తున్నాయి. ఈ మధ్య కృత్రిమ మేధ రాసిచ్చినవీ వస్తున్నాయి. అలాంటి ఒక నివేదికలో ఉదహరించిన తీర్పు కోసం ఎంత వెతికినా, ఆ పేరుతో అసలు ఏ కేసూ లేదని తేలింది.

నకలు కొట్టడం అనైతికమని చెప్పి ఊరుకోవడం నాకు చాలదు. దానివల్ల జరిగే నష్టం ఎవరిదో కూడా చెప్పాలి. మ్యాన్‌హోళ్లలో, సెప్టిక్ ట్యాంకుల్లో దిగి ప్రాణాలు కోల్పోయిన కార్మికుల కుటుంబాలకు 10 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని సుప్రీంకోర్టు 2014 మార్చి 27న ఆదేశించింది. 2023 అక్టోబరు 20 నాటి తీర్పులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచడమే కాక, శాశ్వతంగా వైకల్యం పాలై ఏ పనీ చేసుకోలేని స్థితికి చేరిన వారికి 20 లక్షలకు తగ్గకూడదని కూడా పేర్కొంది. ఆ తర్వాత కూడా నేను దిద్దిన నివేదికల్లో చాలావాటిలో 10 లక్షల అంకెనే కనిపిస్తోంది. పాత నివేదికలోని వాక్యం కొత్త నివేదికలోకి, అక్కడి నుంచి మరో నివేదికలోకి ప్రవహిస్తూ వచ్చింది. రేపు ఆ విద్యార్థి బస్తీలోనే ఎవరికైనా అటువంటి ఆపద వచ్చి, చదువుకున్న పిల్లవాడని అతణ్ని అడిగితే, ఆ కుటుంబానికి న్యాయంగా రావలసిన దానిలో మూడో వంతే చెబుతాడు.

తప్పంతా పిల్లలదే అనడం సబబు కాదు. అంశం ఎంచుకోవడం నుంచి బైండింగ్ వరకు మేము ఇచ్చే సమయం కొద్ది వారాలే. మా విద్యార్థుల్లో చాలామంది సాయంత్రాలు ఆహారం డెలివరీ చేస్తూనో, బట్టల దుకాణాల్లో నిలబడో ఫీజులు కట్టుకుంటున్నవారు. వారి చేతికి ఏ పద్ధతీ నేర్పకుండా ఒక పెద్ద మాటను ఇచ్చి, దానిమీద అరవై పేజీలు నింపుకు రమ్మంటున్నాం. సామాజిక న్యాయం ఒక ప్రశ్న కాదు. ప్రశ్నను చిన్నది చేసుకోవడం ఎలాగో చెప్పవలసింది మేమే.

ఈ మాట తరగతిలో చెప్పేటప్పుడు నేను అంబేద్కర్ విద్యార్థి దశను గుర్తుచేస్తాను. 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో, గోల్డెన్‌వైజర్ నిర్వహించిన మానవశాస్త్ర సదస్సులో ఆయన భారతదేశంలోని కులాలపై ఒక పత్రం చదివారు. అప్పటికి ఆయన వయసు 25 ఏళ్లు. కులం గురించి చెప్పగలిగినదంతా చెప్పాలని ఆయన ప్రయత్నించలేదు. కులం ఎలా పుట్టింది, ఎలా నిలబడుతోంది, ఎలా వ్యాపించింది అన్నంతవరకే పరిమితమై, దాని కీలకం సొంత కులంలోనే పెళ్లి చేసుకునే నియమంలో ఉందని, స్త్రీలపై విధించిన సతి, వైధవ్యం, బాల్యవివాహం ఆ నియమాన్ని కాపాడే సాధనాలని తర్కబద్ధంగా నిరూపించే ప్రయత్నం చేశారు. చివరన, తన సిద్ధాంతం నిలవదని ఎవరైనా చూపితే దాన్ని వదులుకోవడానికీ సిద్ధమేనన్నారు. ఒక విద్యార్థి రాసిన సదస్సు పత్రాన్ని వందేళ్లు దాటాక కూడా చదువుతున్నామంటే, అందులోని ప్రశ్న కచ్చితత్వం, ఆ కచ్చితత్వం వెనుక ఉన్న నిజాయితీ అందుకు కారణాలని నా నమ్మకం.

గత ఏడాది నా విద్యార్థిని ఒకరు మా కళాశాల పరిసరాల్లో తెల్లవారుజామున వీధులు ఊడ్చే మహిళల గురించి రాస్తానని వచ్చింది. ముప్పైకి పైగా ప్రశ్నలతో ఒక పత్రం తయారు చేసుకుని ఉత్సాహంగా వెళ్లింది. మీపై వివక్ష ఉందా అన్న ప్రశ్నకు అందరూ ఒకే జవాబు ఇచ్చారట: "అట్లేం లేదు బిడ్డా, మంచిగనే ఉన్నది." వివక్ష లేదని తేలిందంటూ ఆమె తిరిగి వచ్చింది. ఆ పత్రాన్ని పక్కన పెట్టి, వారం రోజులపాటు ఊరికే వెళ్లి వాళ్ల పక్కన కూర్చోమన్నాను. నాలుగో రోజున ఒక పెద్దావిడ మాటల్లో మాటగా, ఉదయం ఐదు నుంచి పదకొండు దాకా మంచినీళ్లు తాగకుండా ఉంటామని చెప్పిందట. ఎందుకని అడిగితే, ఆ దారి పొడవునా తాము వెళ్లగలిగే మూత్రశాల లేదని, ఏ ఇంట్లోనైనా అడగాలంటే ముఖం చెల్లదని అన్నది. వివక్ష అన్న మాట అడిగితే దొరకనిది, మంచినీళ్ల దగ్గర దొరికింది. ఆమె నివేదిక శీర్షిక ఆ రోజే మారిపోయింది. సర్వే పత్రాలు పనికిరావని నేను అనడం లేదు. ఏ మాటతో అడగాలో తెలియడానికి ముందు కొన్నాళ్లు వినాలి.

కార్యాలయాల నుంచి సమాచారం రాబట్టడం కూడా మా పిల్లలకు కొత్తే. సమాచార హక్కు చట్టం వచ్చింది 2005లో, అంటే వారిలో చాలామంది పుట్టిన సంవత్సరానికి అటూ ఇటూగా. తెల్లకాగితం మీద తెలుగులో రాసి 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేయవచ్చని, కారణం చెప్పనవసరం లేదని, 30 రోజుల్లో జవాబు రావాలని, రాకపోతే మొదటి అప్పీలుకు వెళ్లవచ్చని చెబితే ఆశ్చర్యపోతున్నారు. అయితే ఆ 30 రోజులు, అప్పీలుకు మరో 30 రోజులు మేము ఇచ్చే గడువులో ఇమడవు. దరఖాస్తు పెట్టిన వారికి జవాబు వచ్చేసరికి మౌఖిక పరీక్ష కూడా ముగుస్తోంది. అంశం ఎంపికను అయిదో సెమిస్టరు ఆరంభానికి మార్చాలని ఉన్నత విద్యామండలిని, విశ్వవిద్యాలయాలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. దీనికి అదనపు ఖర్చేమీ లేదు.

నగరంలో మనకున్న సంపద కూడా వాడుకలో లేదు. 1891లో అసఫియా గ్రంథాలయంగా మొదలై నేడు అఫ్జల్‌గంజ్‌లో ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, 1901లో నెలకొన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ సిటీ బస్సులో వెళ్లగలిగిన దూరంలోనే ఉన్నాయి. ఇదే నగరంలో పుట్టి, 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మాన్య సంఘం స్థాపించి, జోగిని ఆచారంపై పోరాడి, అంటరానివారని దూరం పెట్టిన పిల్లలకు బడులు నడిపిన భాగ్యరెడ్డి వర్మ పేరు, హైదరాబాద్ విద్యార్థుల నివేదికల్లో నాకు చాలా అరుదుగా కనిపిస్తుంది. అంతర్జాలంలో మొదటి పేజీలో దొరికిన వారి గురించే రాస్తే, మన వీధిలో నడిచినవారు ఎప్పటికీ బయటే ఉండిపోతారు.

ఒక జాగ్రత్త గురించి కూడా చెప్పాలి. అనుబంధంలో కార్మికుల ఫొటోలు, పేర్లు, ఫోన్ నంబర్లు అతికించడం మా దగ్గర ఒక అలవాటుగా మారింది. అవి ఉంటేనే నిజంగా వెళ్లివచ్చినట్టు రుజువని పరీక్షకులు కూడా అడుగుతున్నారు. ఔట్‌సోర్సింగ్‌లో పనిచేసే మనిషికి పని ఏ రోజున పోతుందో తెలియదు. సూపర్‌వైజరు గురించి చెప్పిన మాట పేరుతో సహా బయటికి పొక్కితే, విద్యార్థికి వచ్చే మార్కుల ఖరీదు ఆ మనిషి చెల్లిస్తుంది. రుజువు కావాలంటే విద్యార్థి రోజువారీ రాసుకున్న నోటు పుస్తకం చూడండి, ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నించండి.

నివేదికలను తెలుగులోనూ స్వేచ్ఛగా రాయనివ్వాలని, తెలుగులో రాసినందుకు మార్కులు తగ్గకూడదని నా రెండో విన్నపం. తెలుగు మాధ్యమంలో చదువుకుని వచ్చిన పిల్లలు ఇంగ్లిషు వాక్యం కూడదీసుకోవడంలోనే అలసిపోయి, చివరికి ఎవరిదో వాక్యం తెచ్చుకుంటున్నారు. అంతకన్నా పెద్ద కారణం మరొకటుంది. ఎవరి గురించి రాశామో వారికి చదివి వినిపించాలంటే, వారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. నివేదిక సమర్పించే ముందు ఒక ప్రతిని బస్తీకి తీసుకువెళ్లి చదివి వినిపించడాన్ని ప్రాజెక్టులో భాగం చేయాలి. వారి కష్టం విని, రాసుకుని, మార్కులు తెచ్చుకుని, మళ్లీ అటువైపు వెళ్లకపోవడాన్ని పరిశోధన అనడానికి నాకు మనసొప్పదు.

పైన చెప్పిన విద్యార్థిని ఆ పని చేసింది. తాను రాసిన పద్నాలుగు పేజీలను, ఊడ్పు పని ముగిశాక టీకొట్టు పక్కన అరుగు మీద కూర్చున్న ఆరుగురు మహిళలకు చదివి వినిపించింది. నేనూ అక్కడే ఉన్నాను. జీతం ప్రతి నెలా మొదటి వారంలో అందుతుందని ఆమె రాసిన వాక్యం దగ్గర ఆ పెద్దావిడ ఆపి, కాగితంలో అట్లనే ఉంటది గాని మాకు పడేది ఇరవై తారీఖు దాటినంకనే, అది దిద్దు బిడ్డా అన్నది. విద్యార్థిని అక్కడికక్కడే కలం తీసి ఆ పంక్తిని కొట్టివేసి, ఆమె చెప్పినట్టే రాసుకుంది.

ఇట్లు,
ఒక డిగ్రీ కళాశాల రాజనీతిశాస్త్ర అధ్యాపకురాలు,
చిక్కడపల్లి, హైదరాబాద్.