సరిహద్దు ఊళ్ల రక్తపరీక్షలకు అక్రెడిటేషన్ ఎప్పుడు?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రిక శ్రీకాకుళం ఎడిషన్ పాతపట్నం మీదుగా పొద్దున్నే మా పర్లాకిమిడికి వచ్చేస్తుంది. ఉంటున్నది ఒడిశాలోనైనా మా వీధిలో తెలుగు పేపరే చదువుతాం. ఉద్దానం కిడ్నీ జబ్బుల మీద మీరు వేసే వార్తల్ని కత్తిరించి దాచుకుంటాను. నీళ్ల గురించి, డయాలసిస్ గురించి, పింఛన్ల గురించి అందులో చాలా ఉంటుంది. జబ్బు ఉందో లేదో, ముదిరిందో లేదో తేల్చే రక్తపరీక్ష గురించి మాత్రం నా కంట పడలేదు. ఇరవై ఆరేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. అందులో పద్దెనిమిదేళ్లు ఇంకొకరి దగ్గర, ఎనిమిదేళ్లుగా సొంత చిన్న ల్యాబ్‌లో. అందుకే, పరీక్షలు సరిగ్గా చేసే సత్తా ల్యాబ్‌కి ఉందని తేల్చి చెప్పే అక్రెడిటేషన్ గురించి ఈ ఉత్తరం.

ముందు మా మేనమామకి జరిగింది చెప్తాను. ఆయనది మందస మండలంలో ఓ పల్లె. కాస్త జీడితోట, కొబ్బరి. నాలుగేళ్లుగా, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.6 దగ్గర నిలకడగా ఉంది. మూడు నెలలకోసారి పరీక్ష చేయిస్తాడు. మొన్న జూన్‌లో పొద్దున ఏడింటికి దగ్గర్లోని కలెక్షన్ సెంటర్లో రక్తం ఇచ్చాడు. రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్‌లో రిపోర్టు వచ్చింది. పొటాషియం 6.8 అని ఎర్ర అక్షరాల్లో ఉంది. మామూలుగా అది 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. ఆరున్నర దాటితే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంటుంది.

"ఏటమ్మా ఇది, ఎర్రగా రాసీసేరు?" అని ఫోన్ చేశాడు. ఆయన గొంతు వణకడం నేను వినడం అదే మొదటిసారి.

మనిషి బాగానే ఉన్నాడు, నడుస్తున్నాడు, అన్నం తిన్నాడు. ఆ అంకె తప్పేమోనని నాకు అనుమానం వచ్చింది. కానీ కిడ్నీ జబ్బు ఉన్న మనిషికి పొటాషియం పెరగడం నిజం కూడా కావచ్చు. తప్పే అయ్యుంటుందిలే, పడుకో మావయ్యా అని నేనెలా అనగలను? వెంటనే బరంపురం బయల్దేరమన్నాను. నాలుగువేల అయిదొందలకి కారు మాట్లాడుకుని, అత్తయ్య దారి పొడుగునా ఏడుస్తూ ఉంటే, అర్ధరాత్రికి ఆసుపత్రికి చేరారు. ఈసీజీ బాగానే ఉంది. రక్తం మళ్లీ తీసి అక్కడికక్కడే చేస్తే పొటాషియం 4.6 వచ్చింది.

తర్వాత ఆరా తీశాను. పొద్దున తీసిన రక్తాన్ని సెంటర్లో తిప్పలేదు. అంటే సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి కణాల్నీ, పైన తేరే పసుపుపచ్చ ద్రవం సీరాన్నీ విడదీయలేదు. ఉన్నది ఉన్నట్టు ట్యూబుల్ని థర్మాకోల్ పెట్టెలో ఐసు మీద పెట్టి మధ్యాహ్నం బస్సులో పట్నం పంపారు. ఐసు మీద పెడితే మంచిదే కదా అని అందరూ అనుకుంటారు. ఎర్ర కణాల లోపల పొటాషియం బయట సీరంలో ఉన్నదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దాన్ని లోపలే పట్టి ఉంచే పని చల్లదనంలో మందగిస్తుంది. గంటలు గడిచేకొద్దీ పొటాషియం బయటికి కారుతుంది. కణాలు పగిలితే సీరం ఎర్రగా కనబడి టెక్నీషియన్ పట్టుకోగలడు. ఇలా కారితే సీరం చక్కగా పసుపుపచ్చగానే ఉంటుంది. మెషిన్ దాన్ని నిజాయితీగా కొలిచి 6.8 అని చెప్పింది. మెషిన్ తప్పేమీ లేదు. అలాగే షుగర్ ట్యూబు సరైనది వాడకపోతే మామూలు వేడిలో గంటకి అయిదు నుంచి ఏడు శాతం దాకా గ్లూకోజు తగ్గిపోతుంది. షుగర్ ఉన్నవాడికి లేదని రాసిచ్చే ప్రమాదం అది.

ఆ కలెక్షన్ సెంటర్ గోడ మీద పెద్ద ఫ్రేము ఉంది. 'ఐఎస్ఓ 9001 సర్టిఫైడ్' అని బంగారు రంగు అక్షరాలు. మా మావయ్య దాన్ని చూసే అక్కడికి వెళ్లాడు. ప్రభుత్వం ఇచ్చిన ముద్ర అనుకున్నాడు.

ఈ విషయం మన జనానికి విడమరిచి చెప్పాలి. ఐఎస్ఓ అనేది ప్రమాణాలు రాసే సంస్థ. అది ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. 9001 అనేది ఆఫీసు నడిపే పద్ధతికి సంబంధించిన ప్రమాణం. బిస్కెట్ల ఫ్యాక్టరీకీ ఉండొచ్చు, కొరియర్ కంపెనీకీ ఉండొచ్చు. క్రియాటినిన్ సరిగ్గా కొలవడం వచ్చా రాదా అన్నది అందులో ఎవరూ చూడరు. అది చూసే ప్రమాణం వేరే ఉంది: మెడికల్ ల్యాబ్‌లకి ఐఎస్ఓ 15189, మిగతా పరీక్షల ల్యాబ్‌లకీ, పరికరాలు సరిగ్గా కొలుస్తున్నాయో లేదో సరిచూసే కాలిబ్రేషన్ ల్యాబ్‌లకీ 17025. వాటి ప్రకారం ల్యాబ్‌కి వచ్చి, టెక్నీషియన్ చేత ఎదురుగా పరీక్ష చేయించి చూసి, ఈ ల్యాబ్‌కి ఫలానా పరీక్షలు చేసే సత్తా ఉంది అని చెప్పడమే అక్రెడిటేషన్. మన దేశంలో ఆ పని ఎన్‌ఏబీఎల్ చేస్తుంది. 1997లో ఏర్పడిన క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో అదిప్పుడు ఒక బోర్డు. 9001 లాంటి సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూడటానికి అదే కౌన్సిల్‌లో ఎన్‌ఏబీసీబీ అని ఇంకో బోర్డు ఉంది. సర్టిఫికెట్ ఇచ్చేవాడికి కూడా పైన ఒకడు ఉండాలి అన్నది దీని వెనక ఉన్న ఆలోచన. మంచి ఆలోచన. కానీ ఆ పైవాడి గుర్తు లేకుండానే సర్టిఫికెట్లు అమ్మేవాళ్లు తిరుగుతున్నారు. మూడేళ్ల కిందట నా దగ్గరికీ ఒకతను వచ్చాడు. ల్యాబ్ లోపలికి కూడా రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, ఆధార్, ల్యాబ్ ఫొటో వాట్సాప్ చెయ్యండి మేడమ్, నాలుగు రోజుల్లో ఫ్రేము కట్టి తెచ్చిస్తా అన్నాడు. పంపించేశాను. మా ఊళ్లో ఎంతమంది తీసుకున్నారో ఆ గోడలు చూస్తే తెలుస్తుంది.

అక్రెడిటేషన్ అంటే కాగితాల పని అని మా తోటి టెక్నీషియన్లు చాలామంది అంటారు. వాళ్లకి నా గోడ మీద ఉన్న చార్టు చూపిస్తాను. రోజూ పొద్దున మొదటి రోగి రాకముందు నేను చేసే పని కంట్రోల్ పెట్టడం. కంట్రోల్ అంటే విలువ ముందే తెలిసిన సీరం. చిన్న సీసాలో పొడిగా వస్తుంది. సరిగ్గా 5 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోసి, కుదపకుండా మెల్లగా తిప్పి, అరగంట ఆగి మెషిన్‌లో పెట్టాలి. వచ్చిన విలువని గ్రాఫు కాగితం మీద చుక్కగా పెడతాను. మధ్య గీతకి అటూ ఇటూ రెండు హద్దు గీతలుంటాయి. రెండేళ్ల కిందట క్రియాటినిన్ చుక్కలు ఆరు రోజులు వరసగా మధ్య గీతకి పైనే పడ్డాయి. హద్దు దాటలేదు. కానీ చుక్కలన్నీ ఒకే పక్కకి జరుగుతుంటే ఎక్కడో ఏదో ఉన్నట్టే. ఇంజినీర్‌ని పిలిపిస్తే మెషిన్‌లో దీపం కాంతి తగ్గిపోతోందని తేలింది. దీపం మార్చేదాకా ల్యాబ్‌లో క్రియాటినిన్ చెయ్యలేదు. ఆ చార్టు లేకపోతే 1.2 ఉన్నవాళ్లకి 1.5 అని రాసిచ్చి ఎంతమందిని భయపెట్టేదాన్నో. మా వైపు ఊళ్లలో క్రియాటినిన్ పెరిగిందంటే ఇంట్లో పొయ్యి వెలగదు.

ఇదంతా నాకు మొదట్నుంచీ తెలిసినది కాదు. పనిలో చేరిన మొదటి పదేళ్లూ కంట్రోల్ అన్న మాటే వినలేదు. తర్వాత వెల్లూరు సీఎంసీ వాళ్లు నడిపే బయటి నాణ్యత పరీక్షలో చేరాం. వాళ్లు శాంపిల్ పంపుతారు, మనం చేసి జవాబు పంపాలి. అందరి జవాబులతో పోల్చి మన తప్పెంతో చెప్తారు. మొదటి నెల మా కాల్షియం చాలా దూరంగా వచ్చింది. ద్రవాన్ని కొలిచి తీసే పిపెట్ పాడైందని అప్పుడు తెలిసింది. అంతకుముందు ఆ పిపెట్‌తో ఎంతమందికి రిపోర్టు ఇచ్చామో తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

గురువారం సంతలో చింతపండు తూచే కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. ఆహార భద్రత చట్టం 2006లో వచ్చింది. దాని కింద ఆహార శాంపిల్ పరీక్షించే ల్యాబ్‌కి అక్రెడిటేషన్ ఉండాలి. మా మావయ్య తోట జీడిపప్పుకి ఉన్న ఆ రక్షణ ఆయన రక్తానికి లేదు. ఇక్కడ ల్యాబ్ పెట్టాలంటే ఒడిశా క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద, అవతల ఆంధ్రాలో 2002 నాటి చట్టం కింద రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. కానీ రిజిస్ట్రేషన్ అంటే ల్యాబ్ ఉందని చెప్పడమే. అక్కడ చేసే పరీక్ష సరైనదని కాదు. అక్రెడిటేషన్ చాలావరకు ల్యాబ్ ఇష్టానికే వదిలేశారు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు మాత్రం ప్రైవేటు ల్యాబ్ ఆర్‌టీపీసీఆర్ చెయ్యాలంటే ఎన్‌ఏబీఎల్ ఉండాల్సిందే అన్నారు. కావాలనుకుంటే అవుతుందని అప్పుడే తేలింది.

రేపటి నుంచే తప్పనిసరి చెయ్యమని నేను అడగడం లేదు. అలా చేస్తే కాశీనగర్‌లోనో గుణుపురం దగ్గర పల్లెల్లోనో ఉన్న ఒక్క ల్యాబూ మూతపడుతుంది. సవర పల్లెల నుంచి నడిచి వచ్చేవాళ్లు ఇంకో యాభై కిలోమీటర్లు పోవాలి. చిన్న ల్యాబ్‌ల కోసం 2019లో ఎన్‌ఏబీఎల్ ఎంట్రీ లెవెల్ పథకం తెచ్చింది. షుగర్, రక్తకణాల లెక్క, లివర్, కిడ్నీ, మూత్రం లాంటి మామూలు పరీక్షలు చేసే ల్యాబ్‌లకి తక్కువ కాగితాలతో, తక్కువ ఫీజుతో మొదటి మెట్టు అది. మా ఊళ్లో ఆ సంగతి తెలిసిన టెక్నీషియన్లు ఇద్దరో ముగ్గురో. జిల్లా వైద్యాధికారులు గజపతిలోనూ శ్రీకాకుళంలోనూ ఒక్కరోజు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్తే చాలు, సగం మంది ముందుకొస్తారు. నాకు తెలుసు, వాళ్లంతా నేర్చుకోవాలన్న ఆశ ఉన్నవాళ్లే.

కష్టమంతా కాలిబ్రేషన్ దగ్గర వస్తుంది. నా పిపెట్లని విశాఖపట్నం పంపిస్తే తిరిగి రావడానికి పదిహేను రోజులు. ఆ పదిహేను రోజులూ రెండో సెట్టు ఉండాలి. చిన్న ల్యాబ్‌కి అది మామూలు ఖర్చు కాదు. ఏడాదికి రెండుసార్లు అక్రెడిటేషన్ ఉన్న కాలిబ్రేషన్ ల్యాబ్ వాళ్లు వ్యాన్‌లో పరికరాలు పెట్టుకుని పర్లాకిమిడికో పలాసకో వస్తే, రెండు రాష్ట్రాల ల్యాబ్‌లూ అక్కడికి తెచ్చుకుంటాయి. ఖర్చు పంచుకుంటాం. ఇది రెండు రాష్ట్రాల ఆరోగ్యశాఖలు కలిసి మాట్లాడుకుంటే అయ్యే పని.

ఇంకోటి. ఎన్‌ఏబీఎల్ 2000లో ఇలాక్ అనే అంతర్జాతీయ సంస్థ నడిపే ఒప్పందంలో చేరింది. ఇక్కడ అక్రెడిటేషన్ ఉన్న ల్యాబ్ ఇచ్చిన రిపోర్టుని ఆ ఒప్పందంలో ఉన్న దేశాలు గుర్తించాలన్నది దాని ఉద్దేశం. ఇక్కడ చూస్తే బరంపురం రిపోర్టు పట్టుకుని శ్రీకాకుళం వెళ్తే మళ్లీ చేయించమంటారు, అక్కడిది పట్టుకుని ఇటొస్తే ఇక్కడా అదే మాట. రోగి రెండుసార్లు డబ్బు కట్టి, రెండుసార్లు సూది పొడిపించుకుంటాడు. ఎవరి ల్యాబ్‌ని నమ్మాలో తెలియనప్పుడు డాక్టర్లని అని లాభం లేదు. రెండు వైపులా అక్రెడిటేషన్ ఉన్న రిపోర్టుని ఒప్పుకోమని ప్రభుత్వ ఆసుపత్రులకి ఉత్తర్వు ఇస్తే, అందుకోసమైనా ల్యాబ్‌లు దారిలోకి వస్తాయి.

రిపోర్టు మీద రక్తం తీసిన టైము, ల్యాబ్‌కి చేరిన టైము రెండూ వెయ్యాలి. ఏడు గంటలకి తీసింది, మూడింటికి చేరింది అని ఉంటే ఆ రాత్రి ఆ పొటాషియం సంగతి నాకు అప్పుడే అర్థమయ్యేది. అలాగే అక్రెడిటేషన్ ఒక్కో పరీక్షకి వేరుగా ఇస్తారు, ల్యాబ్ మొత్తానికి కాదు. ఏ పరీక్షకి ఉంది, దేనికి లేదు అన్నది గుమ్మం దగ్గర తెలుగులో, ఒడియాలో రాసి పెట్టాలి. గిడుగు రామమూర్తి పంతులు గారు పిల్లలకి పాఠాలు చెప్పి, జనం మాట్లాడే భాషలోనే చదువు ఉండాలని పట్టుబట్టిన ఊరు మాది. మా ఊరి రోగి తన రిపోర్టు తను చదువుకోలేకపోవడం నాకు చాలా కష్టంగా అనిపిస్తుంది.

చివరగా మీకో విన్నపం. ఎన్‌ఏబీఎల్ ఉన్న మెడికల్ ల్యాబ్‌కి ఎంసీ అక్షరాలతో మొదలయ్యే నంబరు ఉంటుంది. ఆ నంబరు పెట్టి ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైట్‌లో వెతికితే ల్యాబ్ పేరు, ఏయే పరీక్షలకి గుర్తింపు ఉందో కనబడుతుంది. ఎలా వెతకాలో ఫోన్ స్క్రీన్ బొమ్మలతో సహా మీ ఆరోగ్యం పేజీలో ఒకసారి వెయ్యండి. ఆ పేజీని నా ల్యాబ్ తలుపుకి నేనే అంటిస్తాను. ఎంట్రీ లెవెల్‌కి నేనింకా దరఖాస్తు పెట్టే పనిలోనే ఉన్నాను కాబట్టి, ఆ వెతుకులాటలో నా ల్యాబ్ పేరు ఇప్పుడు కనబడదు. వచ్చినవాళ్లకి ఆ మాట కూడా నేనే చెప్తాను.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.