బేస్ తగ్గిందన్న మా కస్టమర్లకు

అందరికీ నమస్కారం. పోయిన దసరా తర్వాత మా దగ్గర కారులో సబ్‌వూఫర్ (బేస్ కోసమే ఉండే పెద్ద స్పీకర్, మా భాషలో సబ్) పెట్టించుకున్నవాళ్లు ఇది తప్పకుండా చదవండి.

ఈమధ్య వరసగా ఒకటే ఫిర్యాదు. "వాల్యూమ్ తక్కువలో బాగానే ఉందన్నా, పెంచేసరికి బేస్ చచ్చిపోతోంది." విజయవాడ ఆటోనగర్‌లో మా పని చూసి పక్క ఊళ్ల నుంచి బళ్లు వస్తాయి. అలాంటిది ఈ మాట వింటే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఒకాయనైతే బావమరుదుల ముందు పరువు పోయిందని ఫోన్లోనే అరిచారు.

కారణం దొరికింది. సబ్, దానికి పవర్ ఇచ్చే యాంప్ (యాంప్లిఫయర్), సబ్ బిగించే బాక్స్ మూడూ బాగానే ఉన్నాయి. లోపమంతా బ్యాటరీ నుంచి డిక్కీలోని యాంప్‌కి వెళ్లే పవర్ వైర్‌లో ఉంది. ఓ బ్రెజా కారులో ఇంజిన్ ఆన్ చేసి, గట్టి బేస్ ఉన్న పాట పెట్టి, మీటర్‌తో చూశాం. బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు. యాంప్ దగ్గర మాత్రం బీట్ పడ్డప్పుడల్లా 11.5కి జారిపోతోంది. ఇంత తేడా ఉంటే చాలా యాంప్‌లలో పవర్ దాదాపు మూడో వంతు పోతుంది. వైరు కోసి ఒక్క పోగు తీసి బ్లేడుతో గీకాను. పైన ఎర్రగా ఉంది, లోపల తెల్లగా. అల్యూమినియం మీద రాగి పూత! బిల్లులో మాత్రం 'ప్యూర్ కాపర్, 4 గేజ్' అని ఉంది. గేజ్ అంటే వైరు లావు కొలత. 4 గేజ్ అంటే లోపల 21 చదరపు మిల్లీమీటర్ల లోహం ఉండాలి. ఇందులో సగం కూడా లేదు. పై తొడుగు మాత్రం బొటనవేలంత లావు.

ఈ వైరు కిట్లు ఇచ్చినాయన మా నాన్నగారి రోజుల నుంచి మాకు సరుకు వేస్తున్నారు. ఆయన సంచి విప్పితే తూకం కూడా వేయనంత నమ్మకం. పాత లాట్లలో మిగిలిన ముక్కలన్నీ గీకి చూశాను, అవి అసలు రాగే. అంటే మధ్యలో మార్చారు, మాట మాత్రంగానైనా చెప్పలేదు. అడిగితే, "మార్కెట్లో అందరూ ఇదే వేస్తున్నారు బాబూ, నువ్వొక్కడివే గీకి చూస్తావు" అన్నారు. ఆ మాట ఇంకా మింగుడు పడటం లేదు.

తర్వాత ఆయనే ఓ దారి చూపించారు. ఇంకా లావుపాటి అల్యూమినియం వైరు ఫ్రీగా ఇస్తాను, మార్చేయమన్నారు. నిజం చెప్పాలంటే లెక్క ప్రకారం అది సరిపోతుంది. పూత వైరు రాగిలో సుమారు మూడింట రెండు వంతుల కరెంటే మోస్తుంది కాబట్టి, ఒకటి రెండు సైజులు పెంచితే చాలు. నా జేబులోంచి పైసా పోదు. రెండు రాత్రులు దీని మీదే నిద్రపట్టలేదు. మా ఆవిడ కూడా "తీసుకోండి, ఎవరికి తెలుస్తుంది" అంది. కానీ అల్యూమినియం స్క్రూ కింద నలిగి కొన్నాళ్లకు వదులవుతుంది, చెమ్మ తగిలితే జాయింట్ దగ్గర పాడవుతుంది. ఇవి పైకి చెప్పే కారణాలు. అసలు సంగతి, ఆ మనిషి వైరు మళ్లీ నా చేత్తో బిగించబుద్ధి కాలేదు. మొండితనమే అనుకోండి.

అందుకని రాగి వైరే వేరే చోట కొన్నాను. దసరా తర్వాత బిగించిన ప్రతి బండికీ పవర్, ఎర్త్ వైర్లు రెండూ ఉచితంగా మారుస్తాం. మీ బండిలో ఏ తేడా తెలియకపోయినా తీసుకురండి. వైరు మార్చకుండా యాంప్ మీద గెయిన్, బేస్ బూస్ట్ (సౌండ్‌నీ బేస్‌నీ ఎక్కువ చేసే నాబ్‌లు) పెంచి పంపేద్దామని మా కుర్రాడు అన్నాడు. కరెంటే అందని యాంప్‌ని ఇంకా గట్టిగా తోస్తే సౌండ్ చీలి, చివరికి సబ్ కాయిల్ కాలుతుంది. మీ సొమ్ము కదా అది.

ఒక మాట. తక్కువ వాల్యూమ్‌లో కూడా బేస్ లేకపోతే అది ఈ వైరు గొడవ కాదు. ముందు స్టీరియోలో సబ్ లెవెల్ చూడండి. లో పాస్ ఫిల్టర్ (సబ్‌కి బేస్ మాత్రమే పంపే సెట్టింగ్) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి, అదీ స్టీరియోలోనో యాంప్‌లోనో ఒకచోటే. రెండు సబ్‌లుంటే ఒకదానికి ప్లస్ మైనస్ తిరగబడిందేమో అనుమానించాలి. అప్పుడు ఒక కోన్ బయటికి తోస్తుంటే రెండోది లోపలికి లాగుతుంది, బేస్ గాల్లోనే కలిసిపోతుంది. సబ్ వైర్లు యాంప్ నుంచి తీసి, 1.5 వోల్టుల గోడ గడియారం సెల్ క్షణం పాటు తగిలించండి. ప్లస్‌కి ప్లస్ తగిలితే కోన్ బయటికే రావాలి.

ఆన్‌లైన్‌లో కొన్న కిట్ తెచ్చి బిగించమనేవాళ్లకు కూడా ఇకనుంచి మీ ముందే పోగు గీకి చూపిస్తాను. తెల్లగా ఉంటే బిగించను. అలిగి పక్క షాపుకి వెళ్లినా ఏమీ అనుకోను.

పనికి పూట పడుతుంది, సీట్లు విప్పాలి కాబట్టి ఫోన్ చేసి రండి. వచ్చే ముందు స్టీరియో సెట్టింగులు ఫోన్‌లో ఫొటో తీసుకోండి, బ్యాటరీ తీస్తే కొన్ని మోడళ్లలో అవి చెరిగిపోతాయి.