జెండాల అమ్మకాల లెక్కలను మేము ఎందుకు ప్రకటించడం లేదు

మా వినియోగదారులకు నమస్కారం.

యుద్ధవార్తలు వచ్చినప్పుడల్లా మా వంటి చిన్న ముద్రణశాలలకు జెండాలు, బ్యాడ్జీలు, కారు స్టిక్కర్ల ఆర్డర్లు పెరుగుతాయి. వాటి అమ్మకాల లెక్కను వారం వారం ప్రకటిస్తే, ప్రజలు యుద్ధాన్ని ఎంతగా సమర్థిస్తున్నారో అందరికీ తెలుస్తుందని మీలో కొందరు సూచించారు. బాగా ఆలోచించిన మీదట, ఆ పని చేయకూడదని నిర్ణయించుకున్నాము. కారణం మీకు దాచకుండా చెప్పడం మా బాధ్యత.

అమెరికాపై ఉగ్రవాద దాడులు జరిగిన 2001 సెప్టెంబరు 11న అక్కడి వాల్‌మార్ట్ దుకాణాలలో ఒక్క రోజులోనే లక్షకు పైగా జాతీయ జెండాలు అమ్ముడయ్యాయి. అఫ్గానిస్తాన్‌పై దాడులు మొదలైనది అక్టోబరు 7న. అంటే ఆ జెండాలు కొన్ననాటికి సమర్థించడానికి యుద్ధమే లేదు. ఉన్నది దుఃఖం, తోటివారితో కలిసి నిలబడాలన్న ఆరాటం. 2003లో ఇరాక్ యుద్ధం మొదలయ్యాక అక్కడి కార్ల వెనుక కనిపించిన పసుపు రిబ్బను గుర్తులను యుద్ధాన్ని కోరినవారూ పెట్టుకున్నారు, సైనికులను వెంటనే ఇంటికి రప్పించాలని కోరినవారూ పెట్టుకున్నారు. బిల్లులో మాత్రం రెండూ ఒకే సరుకు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1917లో అమెరికాలో వాడుకలోకి వచ్చిన నీలి నక్షత్రపు జెండాను కిటికీకి కట్టిన తల్లి, తన బిడ్డ సైన్యంలో ఉన్నాడని చెప్పింది. ఆ యుద్ధం న్యాయమైనదని ఆమె నమ్మిందో లేదో ఆ గుడ్డముక్క చెప్పదు.

మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టేది భయంతో జరిగే కొనుగోలు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలో లిబర్టీ బాండ్లు, అంటే యుద్ధ ఖర్చుల కోసం ప్రభుత్వం అమ్మిన రుణపత్రాలు, కొన్నవారికి బ్యాడ్జీలు, కిటికీలకు అంటించుకునే గుర్తులు ఇచ్చేవారు. కొననివారిని ద్రోహులుగా చూసి, కొందరి ఇళ్లకు పసుపు రంగు పూశారు. అటువంటి చోట బ్యాడ్జీల సంఖ్య దేనిని కొలిచినట్టు? లెక్కలను తారుమారు చేయడమూ ఉన్నది. 1914 నవంబరులో బ్రిటన్ 35 కోట్ల పౌండ్ల యుద్ధరుణానికి పిలుపునిస్తే, ప్రజల నుంచి మూడో వంతు కూడా రాలేదు. అయినా కోరినదానికంటే ఎక్కువే వచ్చిందని ప్రచారం చేశారు. లోటును ఆ దేశపు కేంద్ర బ్యాంకు అయిన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గుట్టుగా పూడ్చిన సంగతి, దాని పాత ఖాతాపుస్తకాల ఆధారంగా 2017లో గాని లోకానికి తెలియలేదు.

మా ఆర్డర్ల పుస్తకం కూడా ఇంతకంటే నమ్మదగిన సాక్షి కాదు. ఒక సంస్థ తన ఉద్యోగులందరి కోసం వెయ్యి బ్యాడ్జీలు తెప్పించుకుంటే, అది ఒక్క అధికారి నిర్ణయమే తప్ప వెయ్యిమంది అభిప్రాయం కాదు. ఏమీ కొననివారు ఆ పుస్తకంలో ఎక్కడా కనిపించరు, నిజానికి ఎప్పుడూ వారే ఎక్కువమంది.

కాబట్టి ఇకపై మా 'ఎక్కువగా అమ్ముడైనవి' పట్టికలో యుద్ధానికి సంబంధించిన సరుకు ఉండదు. జెండాలు, శాంతిని కోరే స్టిక్కర్లు రెండూ ఎప్పటిలాగే దొరుకుతాయి. గిరాకీ పెరిగిందని దేని ధరనూ పెంచము, ఎవరు ఏది కొన్నారో ఎవరికీ తెలియనివ్వము. ప్రస్తుతం ఆర్డర్లు ఎక్కువగా ఉన్నందున పెద్ద జెండాలు అందడానికి కొంత ఆలస్యం కావచ్చు. ఇంట్లో సైనికులు ఉన్న కుటుంబాలు ఆర్డరులో ఆ మాట రాస్తే, వారివి ముందుగా పంపుతాము.