పాత చర్చిని కూల్చొద్దు, బాగు చేయించండి

సంపాదకుల గారికి,

నల్లగొండ జిల్లాలోని మా విచారణ (ఒక ఫాదర్ గారి ఆధ్వర్యంలో ఉండే కతోలిక సంఘం) దేవాలయాన్ని పడగొట్టి, అదే జాగాలో స్లాబ్ చర్చి కట్టాలంటున్నారు. చందాలు కూడా మొదలయ్యాయి. క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు సగం మంది షామియానా కింద కూర్చోవలసి వస్తున్న మాట నిజమే. చోటు కావాల్సిందే. అయితే పక్కనే ఖాళీ స్థలం ఉండగా పాత గుడి మీద గునపం ఎందుకు?

1976లో నల్లగొండ మేత్రాసనం (ఒక బిషప్ గారి పరిధిలోని ప్రాంతం) ఏర్పడింది. మా గుడి అంతకన్నా పాతది. ఇటలీ నుంచి వచ్చిన పీమే (PIME) అనే మిషనరీ సభ ఫాదర్లు తెలంగాణ పల్లెల్లో తిరిగిన కాలం నాటిది. మేత్రాసనం తొలి బిషప్ మాథ్యూ చెరియన్‌కున్నెల్ గారు కూడా ఆ సభవారే. మన రాయి, గానుగలో నూరిన డంగు సున్నం, కొనదేలిన కమాను కిటికీలు, టేకు దూలాల మీద బెంగళూరు పెంకులు, కింద షాబాద్ బండలు. కప్పు ఎత్తు కాబట్టి వేడి పైకి పోతుంది, ఎండాకాలం పూజకు కూడా హాయిగా కూర్చుంటాం.

గోడలు పాడయ్యాయంటున్నారు. ఎక్కడ పాడయ్యాయో దగ్గరికి వెళ్లి చూడండి. కింద మూడడుగుల మేర, ఆమధ్య సిమెంటు పూసిన చోటే! అక్కడ ప్లాస్టర్ ఉబ్బి, తెల్లగా ఉప్పు పొంగింది. గోటితో గీరితే పొడి రాలుతుంది. ఆ పైన పాత సున్నం ఉన్నంత మేరా గోడ గట్టిగానే ఉంది. నేలలోంచి ఎక్కిన తేమ సున్నంలోంచి బయటికి పోతుంది, సిమెంటు పూస్తే లోపలే ఉండిపోతుంది. ఆ సిమెంటు చెక్కేసి మళ్లీ సున్నమే పూయాలి. 1850 నాటి సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ చర్చిని కాపాడుకున్నారు, 2008లో దానికి బసిలికా హోదా (పోప్ గారు ఇచ్చే ప్రత్యేక గౌరవం) కూడా దక్కింది.

దేవాలయాలు కట్టినా, బాగుచేసినా నిపుణుల సలహా తీసుకోవాలని శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం 1216వ సూత్రమే చెబుతోంది. పాత, విలువైన స్వరూపాల (విగ్రహాలు, పటాలు) మరమ్మతుకు బిషప్ గారి రాతపూర్వక అనుమతి ఉండాలని 1189వ సూత్రం. మా మరియమాత స్వరూపానికి ఇప్పటికే ఎనామిల్ పెయింట్ వేసేశారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

బీరువాలోని జ్ఞానస్నాన, వివాహ రిజిస్టర్లను కూడా వెంటనే స్కాన్ చేయించాలి. చాలా ఇండ్లలో తాతముత్తాతల పేర్లకు అంతకుమించి ఆధారం లేదు.

సున్నం పని తెలిసిన ఇంజనీరుతో గుడిని పరీక్ష చేయించమని ఫాదర్ గారిని, విచారణ పెద్దలను వేడుకుంటున్నాను. ఆ రిపోర్టును ఆదివారం పూజ తర్వాత అందరికీ చదివి వినిపించేదాకా చందాల వసూలు ఆపాలి.

– ఒక విశ్వాసి, నల్లగొండ జిల్లా