విషయం: సర్వర్ మార్చాక మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి మెయిళ్లు పోకపోవడం గురించి

చిత్తూరు

సాంకేతిక సహాయ విభాగం మేనేజర్ గారికి,

అయ్యా,

మాది మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ. తోతాపురి సీజన్ జోరుగా ఉంది. లోడు గేటు దాటగానే ఇన్‌వాయిసూ, ల్యాబ్ రిపోర్టూ సాఫ్ట్‌వేర్ నుంచే కొనుగోలుదారుకు మెయిల్లో వెళ్లాలి. అవి అందకుంటే చెన్నై పోర్టులో కాగితాల పని కదలదు. మా మెయిల్ హోస్టింగ్ కంపెనీ అయిన మీరు మా ఖాతాను కొత్త సర్వర్‌కు మార్చినప్పటి నుంచి సాఫ్ట్‌వేర్ ద్వారా ఒక్క మెయిలూ పోవడం లేదు.

పాస్‌వర్డ్ సరిచూసుకోమని మీవాళ్ల జవాబు. పాస్‌వర్డ్ తప్పయితే సర్వర్ 535 అనే లోపం కోడ్ చెప్పి తిప్పికొడుతుంది. మాకు ఆ మాటైనా రావడం లేదు. మెయిల్ పంపడానికి సాఫ్ట్‌వేర్ మీ సర్వర్ తలుపు తట్టే 587 పోర్టు ఉలకదు, పలకదు, కాసేపటికి టైమౌట్. తలుపే తీయకుండా తాళంచెవి తప్పంటే ఎలా? మొబైల్ హాట్‌స్పాట్ నుంచీ చూశాం, అదే వరస. అదే కంప్యూటర్ నుంచి వేరే మెయిల్ సర్వర్ల 587 వెంటనే పలుకుతోంది.

వెబ్‌మెయిల్లో పోతోంది కదా అన్నారు. పోతుంది. వెబ్‌మెయిల్ మీ దగ్గరే ఉండి పంపుతుంది, దానికి బయటి నుంచి 587కు రావలసిన పని లేదు. అది చూపించి తప్పు మా సాఫ్ట్‌వేర్‌దంటే ఒప్పుకోలేం.

25 పోర్టు వాడమన్న సలహా ఎవరిదో గానీ, అది సర్వర్లు తమలో తాము మెయిళ్లు ఇచ్చిపుచ్చుకునే దారి. స్పామ్ భయంతో చాలా ఇంటర్నెట్ కంపెనీలు దాన్ని మూసే ఉంచుతాయి. దారిలో ఎవరూ చదవకుండా కాపాడే టీఎల్ఎస్ రక్షణ తీసేసి చూడమని కూడా రాశారు. పాస్‌వర్డ్ బట్టబయలుగా పంపమని ఒక హోస్టింగ్ కంపెనీయే చెప్పడం చూసి ఆశ్చర్యపోయాం.

పోర్టు తెరిచినంత మాత్రాన పని అయిపోదు. మా డీఎన్ఎస్, అంటే మా డొమైన్ పేరు రికార్డులు, మీ చేతిలోనే ఉంది. మా పేరుతో మెయిల్ పంపే హక్కు ఏ సర్వర్లకుందో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డులో ఇంకా పాత సర్వర్ ఐపీయే కనిపిస్తోంది, మెయిల్ మా డొమైన్ నుంచే వచ్చిందని చూపే డిజిటల్ సంతకం డీకిమ్ అసలే లేదు. పంపేవారు ఎవరైనా సరే, ఈ రెంటిలో ఒకటైనా ఉండాలని 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ నిబంధన. వెబ్‌మెయిల్ నుంచి పంపిన ఇన్‌వాయిసులు కొన్ని స్పామ్‌లో తేలడానికి ఇదే కారణమని మా అనుమానం.

కాబట్టి ఫైర్‌వాల్లో 587 పోర్టు, దానిలాగే మెయిల్ పంపడానికి వాడే 465 పోర్టు తెరవండి. ఎస్‌పీఎఫ్‌లో కొత్త ఐపీ చేర్చి, డీకిమ్ పెట్టండి. సర్వర్ మారినప్పటి నుంచి మా మెయిల్ లాగ్ పంపండి, ఏవి చేరాయో కొనుగోలుదారులకు మేం జవాబు చెప్పుకోవాలి. ఇన్నాళ్ల చందా వచ్చే బిల్లులో తగ్గించండి. టికెట్‌ను ఒక్కరికే అప్పగించండి. ప్రతిసారీ కొత్తవారు వచ్చి మళ్లీ పాస్‌వర్డ్ దగ్గరే మొదలుపెడుతున్నారు.

వారంలోగా ఇవి కాకపోతే డొమైన్ బదిలీ కోడ్ పంపండి, వేరే చోటికి మారతాం.

ఇట్లు,
కంప్యూటర్ విభాగం బాధ్యుడు